చెవి చెప్పిన సాక్ష్యం

బెలూన్లు అమ్ముకునే చూపులేని ముసలాయన వీధిలో ఒక ఈల విని ఉలిక్కిపడతాడు. ఓ చిన్నపిల్లకి బెలూన్ కొనిచ్చిన మనిషి ఆ రోజు వేసిన ఈలే అది. ఆ పిల్ల మళ్ళీ ఇల్లు చేరలేదు. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ సినిమా ‘ఎం’లో హంతకుడి జాడ తీసింది ఆ చెవే. చూపులేని సాక్షి కథలకు మొదలు వెతుక్కుంటూ వెళితే నేను ఆగేది ఇక్కడే. 1967 నాటి హాలీవుడ్ చిత్రం ‘వెయిట్ అంటిల్ డార్క్’లో చూపులేని నాయికగా ఆడ్రీ హెప్బర్న్ ఇంట్లో బల్బులు పగలగొట్టి, దుండగుల్ని కూడా తన చీకట్లోకి లాగుతుంది.

కొరియా చిత్రం ‘బ్లైండ్’ 2011 ఆగస్టులో వచ్చింది. దర్శకుడు ఆన్ సాంగ్-హూన్. పోలీసు శిక్షణలో ఉన్న సూ-ఆ కారు ప్రమాదంలో తమ్ముణ్ణి, చూపుని, కొలువు ఆశని ఒక్కసారే పోగొట్టుకుంటుంది. మూడేళ్ళ తర్వాత ఓ వానరాత్రి టాక్సీ అనుకుని ఒక కారెక్కుతుంది. దారిలో కారు దేన్నో గుద్దుతుంది. కుక్క అంటాడు డ్రైవరు. కాదు, మనిషే అని ఆమె అనుమానం. తీరా ఆమె మాట మీద పోలీసులు టాక్సీల వెంట పడ్డాక, బైకు మీద డెలివరీలు చేసే కుర్రాడొకడు వచ్చి, అది టాక్సీ కాదు, విదేశీ కారు, నా కళ్ళతో చూశానంటాడు.

ఈ కథకు ఆయువుపట్టు ఇదే అనిపిస్తుంది నాకు. ఆమె విన్నది నిజం, ఊహించింది తప్పు. చూపులేని నాయికకి అతీతశక్తులు అంటగట్టకుండా, తప్పు చేసే హక్కు కూడా ఇచ్చారు. ఆ తప్పు పట్టుకుని ఆమె మాటంతా కొట్టిపారేయడం ఎంత అన్యాయమో అప్పుడే తెలుస్తుంది. హంతకుడైన ఆ డ్రైవరు మెట్రోలో వెంటపడినప్పుడు, ఫోన్ వీడియో కాల్‌లో ఆ కుర్రాడే ఆమెకు దారి చెబుతాడు. సూ-ఆగా నటించిన కిమ్ హా-నుల్‌కి ఆ ఏడాది గ్రాండ్ బెల్, బ్లూ డ్రాగన్ రెండు అవార్డులూ వచ్చాయి.

2015లో ఆ దర్శకుడే ‘బ్లైండ్’ని చైనాలో మళ్ళీ తీశాడు. 2019లో జపాన్, 2021లో నయనతారతో తమిళ ‘నెట్రికణ్’, 2023లో సోనమ్ కపూర్‌తో హిందీ రీమేక్‌లు వచ్చాయి.

‘నెట్రికణ్’ రావడానికి నాలుగు నెలల ముందు, 2021 ఏప్రిల్‌లో, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక అత్యాచారం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వైకల్యం ఉన్నంత మాత్రాన సాక్ష్యం బలహీనమనుకోకూడదని, గొంతుని బట్టి గుర్తుపట్టడం చెల్లుతుందని అంది. బాధితురాలు పుట్టుకతోనే చూపులేని అమ్మాయి. నిందితుడు ఆమె అన్నదమ్ములకు తెలిసినవాడు. ఆ గొంతు ఆమెకు ముందునుంచీ ఎరుకే.