మీరేవుట్లమ్మా?

గుంటూరు నాకంటే ముందు మా అమ్మకు తెలుసు. మిరపకాయల సీజన్లో మా పల్లె ఆడవాళ్ళు తెల్లారకముందే సద్దిమూట కట్టుకొని ఆటోల్లో గుంటూరు పొయ్యేవాళ్ళు. యార్డు చుట్టుపక్కల పొద్దుగూకేదాకా కాయల తొడిమలు తీసి, మండే చేతులతో ఇంటికొచ్చేవాళ్ళు. అమ్మ అన్నం కలిపి పెడితే నా నోరు కూడా మండేది. అట్లా ఇరవై ఏళ్ళు తిరిగింది. ఆ ఊళ్ళో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పడుకోటానికి చోటెవరిస్తారు?

ఆమె కూతుర్ని నేను. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. 2012 డీఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్ ఉద్యోగం వచ్చింది. వినుకొండ అవతల ఒక పల్లెటూళ్ళో ఎనిమిదేళ్ళు చేశాను. 2021 జనవరి బదిలీల్లో గుంటూరు పక్కన స్కూలు వచ్చింది. అప్పటికింకా జిల్లా ఒకటే. మూడు ముక్కలైంది 2022 ఏప్రిల్లో. కంప్యూటర్ ముందు కూర్చొని ఆప్షన్లు పెట్టుకున్నాం. పాయింట్లు చూశారు, సర్వీసు చూశారు, స్కూలిచ్చారు. ఉద్యోగానికి చోటు దొరికినంత తేలిగ్గా కాపురానికీ దొరుకుతుందనుకున్నాను.

తోటి టీచర్లు సలహాలిచ్చారు. మంచినీళ్ళు వచ్చే ఏరియా చూసుకో, పిల్లకి స్కూలు దగ్గర్లో ఉండాలి, నువ్వు బస్సెక్కటానికి వీలుండాలి అన్నారు. అన్నీ సరైన మాటలే. వాళ్ళ లెక్కలో ఉన్నవన్నీ నా లెక్కలోనూ ఉన్నాయి. నా లెక్కలో ఇంకొకటి ఎక్కువుంది. అది వాళ్ళ జీవితంలో ఎన్నడూ ఎదురుకాలేదు.

బ్రాడీపేట లైన్లు, లక్ష్మీపురం, విద్యానగర్ అన్నీ తిరిగాం. టులెట్ బోర్డులకు కొదవలేదు. కొన్నిటి మీద 'శాకాహారులకు మాత్రమే' అని రాసుంది. వాటి ముందు మేం ఆగలేదు. ఒక మేడమీద పోర్షను నచ్చింది. ఇంటాయన రిటైరైన ఉద్యోగి. గవర్నమెంటు టీచరనేసరికి సంతోషపడ్డాడు, ఒకటో తారీఖున అద్దె ఖాయమని. తాళాలు తీసి రెండు గదులూ చూపించాడు. కిందికి దిగొచ్చాక వాళ్ళావిడ గేటు దగ్గర నిలబడి, మూతికి మాస్కు సర్దుకుంటూ అడిగింది: "మీరేవుట్లమ్మా?"

ఈ ప్రశ్నలో కులం అనే మాట ఉండదు. ఎంత మర్యాదగా ఉంటుందో చూడండి. నా భర్త చెప్పుల వంక చూస్తున్నాడు. "ఎస్సీలమండీ" అన్నాను. "మాకేం పట్టింపుల్లేవమ్మా, మా అత్తగారు పెద్దావిడ..." అంది. సాయంత్రానికల్లా ఫోనొచ్చింది. వాళ్ళ తమ్ముడు కాపురానికి వస్తున్నాడట. ఆ వారంలో గుంటూరులో ఎంతమంది తమ్ముళ్ళు కాపురానికి దిగారో చెప్పలేను. ఇంకోచోట "క్రిస్టియన్సా?" అన్నారు. అదీ ఈ ప్రశ్నే, వేసుకున్న చీర వేరు.

చివరికి ఒక బ్రోకరు జాలిపడ్డాడు. "మీరు నిజం చెప్పి చెడుతున్నారు మేడం. ఏదో ఒక బీసీ కులం పేరు చెప్పండి. ఇంటికొచ్చి సర్టిఫికెట్ ఎవరడుగుతారు?" అన్నాడు. ఆ రాత్రి లాడ్జిలో నాకు నిద్రపట్టలేదు. నూరేళ్ళ కిందట ఇదే చిక్కులో పడిన ఇంకో మనిషి గుర్తొచ్చాడు.

1917లో అంబేద్కర్ బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరటానికి వెళ్ళాడు. కొలంబియాలో, లండన్లో చదివొచ్చిన మనిషి. ఆ చదువుకు డబ్బిచ్చిన మహారాజు దగ్గరికే పనికి వచ్చాడు. రైలు దిగాక ఎక్కడుండాలో తెలియలేదు. హిందువుల హోటలుకు పోతే కులం అడుగుతారు. ఒక పార్శీ సత్రానికి పోయాడు. పార్శీ కానివాళ్ళకు అక్కడ చోటు లేదు. సత్రం చూసేవాడు రాబడి కోసం ఒప్పుకొని రిజిస్టరులో పార్శీ పేరు రాసుకున్నాడు. పనికిరాని సామాన్లు నిండిన చీకటి మేడమీద ఒంటరిగా పదిరోజులు గడిచాయి. పదకొండోనాడు కర్రలు పట్టుకొని పార్శీలు గుంపుగా వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల్ని అడిగాడు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ చోటివ్వలేదు. ఊరి తోటలో కూర్చొని, రాత్రి బండికి బొంబాయి తిరిగిపోయాడు. అంత చదువుకున్న మనిషి అద్దె గది దొరక్క ఉద్యోగం వదిలిపెట్టి వచ్చాడు. ఇదంతా తానే రాసిపెట్టాడు.

మనం సాధారణంగా పార్శీల కర్రల దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం ఆ రిజిస్టరే కనపడుతుంది. తనది కాని పేరు కింద పడుకున్న ఆ పది రాత్రులు కనపడతాయి.

అదే 1917లో, నవంబరు నెలలో, మన బెజవాడలో ఇంకొకటి జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి పంచమ మహాసభకు అధ్యక్షత వహించాడు. మమ్మల్ని ఎవరో పెట్టిన పంచమ పేరుతో పిలవద్దు, మేం ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. ఒకే ఏడాది ఒకచోట మనవాడు పేరు దాచుకోవాల్సి వచ్చింది, ఇంకోచోట మనవాళ్ళు నలుగురిలో నిలబడి పేరు పెట్టుకున్నారు. అద్దె ఇంటి గేటు ముందు నిలబడ్డ మనలో ప్రతి ఒక్కరికీ ఉన్నవి ఈ రెండు దారులే.

నేను మొదటి దారి పట్టాను. దాచటమెందుకు, బ్రోకరు చెప్పిన మాటే చెప్పాం. ఇల్లొచ్చింది. పిల్ల స్కూలుకు నడిచిపోయే దూరం, రోజూ కుళాయి నీళ్ళు, మేడమీద గాలి. అందరూ చెప్పిన మంచి లొకాలిటీ.

దానికి కట్టిన అద్దె వేరే ఉంది. అంబేద్కర్ ఫొటో ట్రంకుపెట్టె అడుక్కి పోయింది. ఆదివారం కూర వండితే కిటికీలు మూసేవాళ్ళం. చుట్టాల్ని రావద్దన్నాం. ఏడేళ్ళ నా కూతురుకి నేనే పాఠం చెప్పాను, ఎవరన్నా అడిగితే ఫలానా అని చెప్పాలని. స్కూల్లో నలభైమంది పిల్లలకి అబద్ధం ఆడగూడదని చెప్పే టీచర్ని. ఒకరోజు పిల్ల పక్కింట్లో ఆడుకొని వచ్చి, "అమ్మా, మనం ఎవరమని చెప్పావు? మర్చిపోయాను" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

గుంటూరు చరిత్ర తెలియకా కాదు. 1842లో లూథరన్ మిషన్ తరఫున హయ్యర్ ఈ ఊరొచ్చాడు. 1883లో అన్నా కుగ్లర్ వచ్చింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. మావాళ్ళలో చాలామంది ఈ పట్నంలో మొదట కాలుపెట్టింది మిషన్ బళ్ళ గుండా, హాస్టళ్ళ గుండానే. ఊరు తలుపు తియ్యకపోతే కాంపౌండు గేటు తెరుచుకుంది. వినుకొండలో పుట్టిన జాషువా కూడా ఇక్కడికొచ్చి పిల్లలకు పాఠాలు చెప్పాడు. 1941 నాటి ఆయన 'గబ్బిలం'లో, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలానికి ఏ చూరైనా ఒకటే. దాన్ని మీరేవుట్లని ఎవరూ అడగరు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వస్తే బ్రిటిషు సర్కారు నిషేధించింది. ఆయన శారదానికేతనం పెట్టింది ఈ గుంటూరులోనే. మాలపల్లి అట్టమీద ఉంటే అందరింటి బీరువాల్లోనూ చోటుంది. మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో మనిషి దిగితేనే తమ్ముళ్ళు గుర్తొస్తారు.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టాన్ని 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చారు. అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా ఇల్లు కట్టుకోకుండా, సంపాదించుకోకుండా, అందులో ఉండకుండా అడ్డుపడితే నేరమని నాలుగో సెక్షను చెబుతుంది. నెల నుంచి ఆరునెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జుర్మానా. బాధితులు ఎస్సీలైతే, కాదని రుజువయ్యేదాకా, ఆ పని అంటరానితనం వల్లే చేసినట్టు కోర్టు భావించాలని పన్నెండో సెక్షనులో ఉంది. విద్యార్థి మిత్రులు ఈ రెండు సెక్షన్లూ గుర్తుపెట్టుకోండి. తమ్ముడొస్తున్నాడనే మాటకు జవాబు చట్టంలో 1955 నుంచీ ఉంది. నాకది అప్పుడు తెలియదు.

చట్టానికి ఇంకో ముఖం కూడా చూడండి. అహ్మదాబాదులో పార్శీల హౌసింగ్ సొసైటీ ఒకటి సభ్యత్వం పార్శీలకే అని నిబంధన పెట్టుకుంది. 2005లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లుతుందంది. పార్శీ సత్రం నుంచి అంబేద్కర్ను వెళ్ళగొట్టింది 1917లో. తీర్పు వచ్చింది 88 ఏళ్ళ తర్వాత, అంబేద్కర్ రాసిన రాజ్యాంగం కిందే.

మేం ఆ మేడమీద ఏడు నెలలున్నాం. ఏడో నెలలో అమ్మ కళ్ళ ఆపరేషనుకు వచ్చింది. మెట్లెక్కకముందే చెవిలో చెప్పాను, కిందివాళ్ళతో ఎక్కువ మాట్లాడొద్దని, మన పల్లె ఊసెత్తొద్దని. అమ్మ తలూపింది. రెండురోజులు గదిలోంచి బయటికి రాలేదు. మూడోనాడు కంటికి కట్టుతో కూర్చొని మెల్లగా అంది:

"కారంచేడు గొడవప్పుడు నాకు కొత్తగా పెళ్ళయింది. వాళ్ళు చీరాల పొయ్యి చెట్లకింద పడుకున్నారంట. చెట్లకింద పడుకొని కూడా మేం మాదిగోళ్ళమనే చెప్పారు. నువ్వు మేడమీద పడుకొని చెప్పలేకపొయ్యావా?"

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తిరిగి ఆ ఊరు పొమ్మంటే పోమన్నారు. చీరాలలోనే ఇళ్ళు సాధించుకున్నారు. విజయనగర్ కాలనీ అట్లా పుట్టింది. మనవాళ్ళు పట్నంలో పేట ఎంచుకోవటమంటే నాకు తెలిసిన పెద్ద ఉదాహరణ అది. అద్దె లెక్కలు చూసి ఎంచుకున్నది కాదు. ఎవరి కాళ్ళకింద బతకకూడదో తేల్చుకొని ఎంచుకున్నది.

ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేశాం. పొయ్యేముందు నేనే కిందికి దిగి మా కులం చెప్పాను. ఇంటావిడ ఏమీ అనలేదు. అడ్వాన్సులో సున్నానికని మామూలుకంటే ఎక్కువ పట్టుకున్నారు.

ఇప్పుడు ఊరిచివర మావాళ్ళ కాలనీలో ఉంటున్నాం. ఇదేదో స్వర్గమని చెప్పను. వానొస్తే మురిక్కాలవ వీధిలోకి వస్తుంది. నేను రెండు బస్సులు మారాలి. పిల్ల ఆటోఖర్చు పెరిగింది. ఇక్కడ కూడా మొదటిరోజే ఒకాయన "మనోళ్ళేగానీ, మాలా మాదిగా?" అనడిగాడు. ఆ ప్రశ్న మనింట్లోంచి కూడా పోవాలి. మనం ఇక్కడుంటే ఊరికి హాయి, మంచినీళ్ళ పేటలన్నీ వాళ్ళకే మిగులుతాయని మా స్టాఫులో ఒక దళిత మిత్రుడంటాడు. ఆ మాట నన్నిప్పటికీ పొడుస్తుంది. అతను బ్రాడీపేటలోనే, కులం చెప్పి, నాలుగు నెలలు తిరిగి ఇల్లు సంపాదించాడు. నేను తిరగలేకపోయాను. ఈసారి బదిలీ వస్తే సెక్షన్లు చేతబట్టుకొని తిరుగుతాను.

అమ్మ ఆపరేషనయ్యాక మళ్ళా పల్లెకు పోలేదు. అంబేద్కర్ ఫొటో పెట్టెలోంచి తీసి ముందుగదిలో తనే మేకు కొట్టించింది. సాయంత్రం అరుగుమీద కూర్చొని దారిన పొయ్యే ప్రతి ఒక్కర్నీ పలకరిస్తుంది. మా పల్లె పేరు, మా తాత పేరు, తను తొడిమలు తీసిన కథా వీధి చివరిదాకా వినపడేట్టు చెబుతుంది. "మెల్లగా, అమ్మమ్మా!" అంటుంది నా కూతురు. ఆమె గొంతు తగ్గించదు.