దేహపు జమాఖర్చులు

మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాటలు రెండు కలవు. సన్నగా నున్న పిల్లవానిని చూచి తల్లి, "ఎంత తిన్నను వీనికి ఒంట బట్టుట లేదు" అని దిగులు చెందును. ఆ యింటిలోనే మరియొకరు, "నేను తినునది పిడికెడు; గాలి పీల్చినను లావగుచున్నాను" అని నిట్టూర్చుదురు. మాటలు రెండైనను వాని వెనుకనున్న ప్రశ్న ఒక్కటే. తినిన అన్నము ఏమగుచున్నది? ఈ ప్రశ్నకు తగిన సమాధానము లభించుటకు మూడు శతాబ్దములకు పైగా పట్టినది. అది పూర్తిగా లభింపక ముందే, ఆకలిగొన్నవారికి ఎంత అన్నము చాలునో నిర్ణయింపవలసిన అవసరము మన రాయలసీమలో ఒకమారు ఏర్పడినది. అప్పుడు నిర్ణయింపబడిన కొలత ఒక పౌను ధాన్యము. ఆ కొలత సరియైనదా, కాదా అను విచారణయే మా యీ ప్రసంగమునకు ప్రధాన విషయము. అందులకై మొదట ఇటలీ దేశమునకు పోవలెను.

పదునేడవ శతాబ్ది ఆరంభమున పాడువా విశ్వవిద్యాలయములో శాంటోరియో అను వైద్యాచార్యుడు ఉండెను. ఆయన యొక పెద్ద త్రాసును పైనుండి వ్రేలాడదీయించి, దానికి కుర్చీ నమర్చి, అందు కూర్చుండి భోజనము చేయుచుండెను. తినిన తిండిని, త్రాగిన నీటిని, విసర్జించిన మలమూత్రములను తూచి వ్రాసికొనుచుండెను. ఇట్లు ఇంచుమించు ముప్పది సంవత్సరములు తన్ను తాను తూచుకొని, ఆ ఫలితములను 1614లో గ్రంథముగా ప్రకటించెను. ఆయన లెక్క ప్రకారము, దినమునకు ఎనిమిది పౌనుల ఆహారపానీయములు లోనికి పోయినచో, అందు ఐదు పౌనులు కంటికి కానరాకయే వెడలిపోవుచున్నవి. చర్మమునుండియు, ఊపిరినుండియు ఆవిరిగా పోవుచున్నదని ఆయన భావించెను. తూనిక సరిగానే యున్నది. కాని లోపల జరుగుచున్న దేమో చెప్పుటకు నాటికి రసాయనశాస్త్రము పుట్టలేదు.

మన పూర్వులు జఠరాగ్ని యను మాటను వాడిరి. ఆ అగ్నిని నిజముగా కొలిచి చూచిన ఘనత ఫ్రాన్సు దేశీయుడైన లెవోయిజర్‌ది. 1782-83 శీతకాలమున ఆయన, గణితవేత్తయైన లాప్లాస్‌తో కలిసి, చుట్టును మంచుగడ్డలు నింపిన పాత్రలో గినీ పంది యను చిన్న జంతువు నుంచెను. దాని ఒంటివేడికి కరగిన మంచు ఎంతయో తూచెను. అది విడిచిన బొగ్గుపులుసు వాయువు నెంతయో వేరుగా కొలిచెను. బొగ్గును మండించి అంతే వాయువును పుట్టించినపుడు వెలువడు వేడితో పోల్చి చూడగా రెండును ఇంచుమించు సరిపోయినవి. శ్వాసక్రియ యనగా నెమ్మదిగా జరుగు దహనమే యని ఆయన నిశ్చయించెను.

అంతటితో ఆయన ఆగలేదు. కొన్నేండ్లకు తన సహచరుడైన సెగ్విన్‌పైననే పరీక్షలు జరిపి, భోజనము చేసినపుడు, చలి సోకినపుడు, కాయకష్టము చేసినపుడు మనుష్యుడు ప్రాణవాయువును ఎక్కువగా వాడుకొనునని కనుగొనెను. అప్పుడు ఆయనకు ఒక సంశయము కలిగినది. రెక్కలాడించి బ్రదుకు పేదవాడే తన దేహమును ఎక్కువగా దహించుకొనుచుండగా, తక్కువ తిండి దొరకునదియు వానికే యగుట ఏమి విధి? శాస్త్రగ్రంథములో ఇట్టి ప్రశ్న వ్రాసిన ఆ మహనీయుడు, రాజుగారి పన్నుల గుత్తలో భాగస్వామి యన్న కారణమున 1794 మే 8వ తేదీన విప్లవకారుల చేత శిరచ్ఛేదమునకు గురియయ్యెను. కాని ఆయన ప్రశ్న నిలిచిపోయినది.

ఎనుబది మూడు సంవత్సరముల తరువాత ఆ ప్రశ్న మన గడ్డపైననే తల యెత్తినది. 1876లో వానలు ముఖము చాటు చేసినవి. అది ధాత నామ సంవత్సరము. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములలో పంటలు మాడిపోయినవి. ప్రజలు నేటికిని ధాత కరువని చెప్పుకొను కరువు అదియే. కరువు పనులలో చేరినవారికి కూలి యెంత యీయవలెనని ప్రశ్న పుట్టినది. 1877 జనవరిలో భారత ప్రభుత్వము సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారిని పరిశీలనకై పంపెను. అంతకు మూడేండ్ల క్రిందట బీహారు కరువులో ధారాళముగా ఖర్చు చేసెనని ఆయన నిందలు పడియుండెను. ఈమారు పొదుపే ధర్మమనుకొనెను. పనిచేయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, దానిపై చేతికి కొద్ది చిల్లర చాలునని ఏర్పాటు చేసెను. స్త్రీలకు, పిల్లలకు అంతకన్న తక్కువ.

మద్రాసు రాజధానికి ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ప్రతిఘటించెను. ఎండలో మట్టి త్రవ్వి, రాళ్లు కొట్టు మనిషికి కనీసము ఒకటిన్నర పౌనుల ధాన్యమును, దానితో పప్పును, కూరలను ఈయవలెనని ఆయన వాదము. వాదప్రతివాదములు కాగితములపై నడచుచుండగా శిబిరములలో జనులు కృశించిపోవుచుండిరి. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వము ఒక మెట్టు దిగి, ధాన్యమును ఒకటింబావు పౌనునకు పెంచి, కొంచెము పప్పును చేర్చెను. ఆ కరువులో ఆకలిచేతను, దాని వెంట వచ్చిన జాడ్యములచేతను దక్షిణదేశమున లక్షలాది ప్రజలు మరణించిరి. ఆ మరణములన్నియు ఒక్క కూలి లెక్కవలననే యని మేము చెప్పుట లేదు. కాని ఆ లెక్క సరియైనదా యన్న ప్రశ్నకు నాడు ఇరుపక్షములలో ఎవరికిని కొలిచి చూపు సాధనము లేకపోయినది.

ఆ సాధనము తరువాతి ఇరువది సంవత్సరములలో సిద్ధమయ్యెను. 1894లో జర్మనీలో రూబ్నర్ అను శాస్త్రజ్ఞుడు ఒక కుక్కను ఉష్ణమాపక యంత్రములో దినముల తరబడి యుంచి, అది తినిన ఆహారములోని శక్తికిని, దాని దేహమునుండి వెలువడిన వేడికిని నడుమ భేదము నూటికి ఒక పాలైనను లేదని నిరూపించెను. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రమునందు అట్వాటర్ అను ఆచార్యుడు మనిషి పట్టునంత యంత్రమును కట్టించెను. అది ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చిన్న గది. లోపల మంచము, కుర్చీ, బల్ల. గోడల వెంట వేడిని గ్రహించు నీటి గొట్టములు. అందులో మనిషి తినుచు, నిద్రించుచు, కదలని సైకిలు త్రొక్కుచు దినముల కొలది ఉండెను. పిండిపదార్థము గాని, మాంసకృత్తులు గాని గ్రామునకు 4 కెలోరీలు, కొవ్వు గ్రామునకు 9 కెలోరీలు ఇచ్చునను లెక్క మనకు అట్వాటర్ వలననే స్థిరపడినది. ఒక కిలో నీటిని ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడి చేయుటకు పట్టు ఉష్ణమే ఇచ్చట కెలోరీ.

ఇంతవరకు తెలిసినది జమ, ఖర్చు మాత్రమే. నడుమ వ్యాపారమెట్లు సాగునో తెలియవలసి యుండెను. అన్నము పొయ్యిలోని కట్టెవలె భగ్గున మండినచో కండ కదలదు, ఉడికిపోవును. ఈ రహస్యము విప్పినవారిలో మన తెలుగువాడు ఒకడుండుట మనకు గర్వకారణము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, మద్రాసులో వైద్యము చదివి, 1923లో అమెరికాకు పోయెను. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేసి, కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, ఏటీపీ అను పదార్థమును 1929లోను వెల్లడించెను. ఏటీపీని అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ కూడ విడిగా కనుగొనెను. పెద్ద నోటు చేత బట్టుకొని సంతలో కొత్తిమీర కొనలేము, చిల్లర కావలెను. అన్నములోని శక్తిని దేహము మెట్టు మెట్టుగా విడదీసి, ఏటీపీ అను చిల్లరగా మార్చుకొని, కండకును, గుండెకును, మెదడునకును చెల్లించును. ఆ చిల్లర పెద్దగా నిలువ యుండదు. క్షణక్షణము ఖర్చగుచు, క్షణక్షణము తిరిగి తయారగుచుండును. మనము నిద్రించుచున్నను ఈ చెల్లింపు ఆగదు. శారీరక శ్రమ అంతగా లేనివారిలో దినపు ఖర్చులో సగమునకు పైగా ఈ నిత్యావసరములకే పోవును.

ఇక ఆ ఒక పౌను మాట. 1944 నవంబరులో, రెండవ ప్రపంచయుద్ధమున ఆకలికి లోనైనవారికి తిరిగి ఎట్లు తిండి పెట్టవలెనో తెలిసికొనుటకై, మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఒక పరీక్ష ప్రారంభించెను. ఆయుధము పట్టుటకు అంతరాత్మ యొప్పని 36 మంది యువకులు తమంత తాము ఇందుకు ముందుకు వచ్చిరి. మొదట వారికి దినమునకు 3,200 కెలోరీల మేర ఆహారమిచ్చి, పిదప ఆరు మాసములు సగటున 1,570 కెలోరీలు మాత్రమే యిచ్చిరి. వారానికి 22 మైళ్ళు నడవవలెను. ఆరు మాసములకు వారి బరువులో నాలుగవ వంతు తరిగిపోయినది. గుండె నెమ్మదించినది, వేసవిలోను చలి వేసినది. నవ్వు మరచి, కలలలోను తిండినే చూచిరి, పళ్లెములు నాకిరి. విశ్రాంతిలో దేహము చేయు ఖర్చు సుమారు నూటికి 40 వంతులు తగ్గినది.

ఇప్పుడు లెక్క వేయుదము. ఒక పౌను బియ్యము గాని, జొన్నలు గాని ఇచ్చునది సుమారు 1,500 మొదలు 1,600 కెలోరీలు. అనగా, మిన్నెసోటాలో మనుష్యుని కృశింపజేయుటకు శాస్త్రజ్ఞులు ఉద్దేశపూర్వకముగా నిర్ణయించిన తిండియు, 1877లో బళ్ళారి కూలివానిని బ్రతికించుటకు నిర్ణయించిన ధాన్యమును ఇంచుమించు సమానము! చేతి చిల్లరతో మరి కొంత కొనవచ్చుననుట నిజమే. కాని కరువు ధరలలో ఆ చిల్లరకు దొరకున దెంత? మిన్నెసోటా యువకులు బలిష్ఠులుగా పరీక్షలో చేరిరి. మనవారు నెలల తరబడి పస్తులుండి పనికి వచ్చిరి. వారు నడచిరి, మనవారు త్రవ్విరి. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన అంచనా ప్రకారము, 65 కిలోల పురుషుడు కష్టమైన పని చేసినచో దినమునకు సుమారు 3,470 కెలోరీలు కావలెను. కరువు కూలివాడు అంత బరువుండడని కొంత తగ్గించినను, ఆ ఒక పౌను ఎంత చాలనిదో స్పష్టము. డాక్టరు కార్నిష్ మాటయే నిజమని లెక్క తేల్చినది. కాని ఆ తీర్పు ఏడు దశాబ్దములు ఆలస్యముగా వచ్చినది.

ఆ యువకుల దేహములు మనకు మరియొక పాఠమును గూడ చెప్పినవి. దేహము ఒట్టి త్రాసు కాదు. అది ముందుచూపు గల గృహిణివంటిది. రాబడి తగ్గినచో ఖర్చు తగ్గించుకొనును. ఆకలిని పెంచి, పోయిన నిలువను రాబట్టుకొన జూచును. కొవ్వుకణములనుండి మెదడునకు నిలువ యెంత యున్నదో తెలుపు లెప్టిన్ అను హార్మోనును 1994లో కనుగొనిరి. నిలువ తరిగినపుడు ఆ వార్త తగ్గును, ఆకలి హెచ్చును. అందుచేతనే, తొందరపడి పస్తులుండి బరువు తగ్గించుకొనినవారిలో పెక్కురకు ఆ బరువు తిరిగి వచ్చుచున్నది. అది వారి మనోదౌర్బల్యము కాదు. "లంఖణము పరమౌషధ"మను మాట ఒక పూట అజీర్తికి సరిపడవచ్చును గాని, నెలల తరబడి సాగవలసిన పనికి సరిపడదు.

ఇక మొదటి రెండు మాటలకు వత్తము. "గాలి పీల్చినను లావగుచున్నాను" అనువారిని మేము పరిహసింపము. గాలిలో కెలోరీలు లేవు. కాని పెద్ద చెంచాడు నేతిలో నూరు కెలోరీలకు పైగా ఉన్నవి. అది దినదినము ఖర్చునకు మించి చేరుచున్నచో, ఏడాదికి ఒంటిపై కనబడును. కూర్చుండి చేయు పనులు హెచ్చిన యిండ్లలో జమ తగ్గకయే ఖర్చు తగ్గినది. నూనెను, చక్కెరను కొంచెము తగ్గించి, పప్పును, కూరలను హెచ్చించి, దినమును నడకతో ఆరంభించి, నెమ్మదిగా సాగుటయే మేలు. ఇక తిన్నది ఒంట బట్టని పిల్లవానిని తిట్టి తినిపించుట కన్న, నులిపురుగులో, మరి యే జాడ్యమో ఆ రాబడిని హరించుచున్నదేమో యని వైద్యునికి చూపుట మంచిది.

తన తిండి తాను కొలుచుకొనువాడు పొరపడినచో దిద్దుకొనవచ్చును. పరుల తిండిని కొలిచి పెట్టువారి బాధ్యత అంతకన్న పెద్దది. బడిలో పిల్లలకు వడ్డించువారును, చౌకధరల దుకాణమున బియ్యము తూచువారును, కూలి నిర్ణయించువారును ధాత కరువునాటి ఆ ఒక పౌనును మరువరాదు. తినువాని దేహము చేయు పని యేమో, దాని ఖర్చెంతయో ముందు విచారించి, ఆ పిమ్మటనే త్రాసు చేత బట్టవలెను.