నోత్రదామ్ ఆర్గన్ వాద్యము

పద్యనాటకము చూచిన తెలుగువారికి హార్మోనియమును పరిచయము చేయనక్కరలేదు. ఆలిండియా రేడియో 1940 నుండి 1971 వరకు దానిని గడప త్రొక్కనీయకపోయినను, మన రంగస్థలము దానిని విడువలేదు. ఆ హార్మోనియమునకు పుట్టినిల్లు పారిస్ నగరము. అలెగ్జాండర్ దెబేన్ అను వాద్యశిల్పి 1842లో ఆ పేరుతోనే పేటెంటు పొందినాడు. అదే నగరములో, నోత్రదామ్ కథీడ్రల్ పడమటి ద్వారము లోపల, ఎత్తైన వేదిక మీద దానికి పెద్దన్న వంటి వాద్యమొకటి ఉన్నది. అది పైప్ ఆర్గన్. 2019లో కథీడ్రల్ పైకప్పు కాలిపోయినప్పుడు ఆ ఆర్గన్ కాలలేదు. అయినను అది మరల జనులకు వినిపించుటకు ఐదు సంవత్సరములకు పైగా పట్టినది. అగ్ని నుండి తప్పించుకొన్న వాద్యమునకు అంత సేవ ఎందుకు కావలసివచ్చినదో తెలిసికొన్నచో, చర్చి సంగీతము నేడు దేనిపై ఆధారపడి ఉన్నదో కూడ మనకు బోధపడును.

రెండు వాద్యములకును ఊపిరి తిత్తులదే. పలుకుటలో మాత్రము భేదమున్నది. హార్మోనియములో లోహపు రేకులు గాలికి కంపించి పలుకును. ఆర్గన్‌లో మెట్టు నొక్కగానే గాలి ఒక గొట్టములోనికి పోవును. గొట్టములలో అధికభాగము మన మురళి వంటివి. గాలి ఒక అంచుకు తగిలి నాదము పుట్టును. మరికొన్నిటి అడుగున లోహపు నాలుక ఉండును. వాటి గొంతు సన్నాయివలె పదునుగా ఉండును. ఒక్కొక్క గొట్టము ఒక్క స్వరమునే పలుకును. ఒకే గుణముగల గొట్టముల వరుసను స్టాప్ అందురు. నోత్రదామ్ ఆర్గన్‌లో 115 స్టాపులు, దాదాపు 8,000 గొట్టములు, చేతులకు ఐదు మెట్ల వరుసలు, పాదములకు మరొక వరుస ఉన్నవి. 32 అడుగుల గొట్టము పలికించు మంద్రస్వరమునకు సెకండుకు సుమారు 16 కంపనములు. దానిని చెవితో వినుట కంటె ఒంటితో తెలిసికొనుటయే ఎక్కువ.

ఈ వాద్యము చర్చిలో పుట్టినది కాదు. క్రీస్తుపూర్వము 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియాకు చెందిన క్తెసీబియస్ అను యంత్రశిల్పి, నీటి బరువుతో గాలిని నిలకడ చేసి గొట్టములను పలికించినాడు. రోమనులు దానిని బహిరంగ వినోదములలో వాయించినారు. 757లో బైజాంటైన్ చక్రవర్తి ఐదవ కాన్‌స్టంటైన్, ఫ్రాంకుల రాజైన పెపిన్‌కు ఒక ఆర్గన్‌ను కానుకగా పంపినాడు. రాజసభకు కానుకగా వచ్చిన వాద్యము క్రమముగా మఠములకు, చర్చిలకు చేరి, ఆరాధనలో స్థిరపడినది.

నోత్రదామ్ నిర్మాణము 1163లో ఆరంభమైనది. నేడు మనము చూచు ఆర్గన్ చెక్కపని 1733లో ఫ్రాన్సువా తియెరీ నిర్మించిన వాద్యమునకు చెందినది. ఆ శతాబ్ది చివర క్లికో అను శిల్పి దానిని విస్తరించినాడు. పిదప ఫ్రెంచి విప్లవము వచ్చినది. దేశములో ఎన్నో ఆర్గన్లు ధ్వంసమైనవి; ఇది మాత్రము మిగిలినది. 1868లో అరిస్టీడ్ కవాయే-కోల్ దీనికి నూతనరూప మిచ్చినాడు. అంతకు పూర్వము ఎక్కువ స్టాపులు ఒక్కమారు తెరచినచో మెట్లు బరువెక్కి వ్రేళ్లకు లొంగెడివి కావు. ఆయన గాలి ఒత్తిడినే మెట్లకు సాయముగా నియోగించినాడు. అప్పుడు నిట్టూర్పు వంటి నాదము నుండి పెనుగర్జన వరకు వాద్యకారుని వశమైనది. కాని పాత గొట్టములను ఆయన పారవేయలేదు. 18వ శతాబ్దికి చెందినవి నేటికిని అందులో పలుకుచున్నవి. ఒక తరమువారు తమ ముందువారి గొంతులను నిలిపి, తమ గొంతును చేర్చుట ఈ వాద్యచరిత్రలో మనము గమనింపవలసిన విషయము.

ఈ నిలుపుదల ఊరక సిద్ధించినది కాదు. 1900 నుండి 1937 వరకు ఇచట వాద్యకారుడుగా ఉన్న లూయీ వియేర్న్ దాదాపు అంధుడు. ఆయన కాలమున ఆర్గన్ శిథిలావస్థకు వచ్చినది. మరమ్మతునకు ధనము లేక, ఆయన 1927లో అమెరికా పోయి కచేరీలు చేసి విరాళములు సేకరించినాడు. 1932లో ఆ మరమ్మతు నెరవేరినది. 1937 జూన్ 2న కచేరీ చేయుచు, ఆ ఆర్గన్ పీఠము మీదనే ఆయన కన్నుమూసినాడు.

ఫ్రాన్సు వాద్యకారుల విద్యలో మనకు ఆత్మీయముగా తోచు అంశమొకటి ఉన్నది. అది మనోధర్మము. ఆరాధనలో ఊరేగింపు ఎంతసేపు నడచునో, ప్రార్థన ఎప్పుడు ముగియునో ముందుగా తెలియదు. ఆలయ సేవలో నాదస్వర విద్వాంసుడు సేవకు తగినట్లు రాగమును పెంచియు కుదించియు వాయించునట్లే, ఆర్గన్ వాద్యకారుడు అప్పుడే గాయకులు పాడిన గీతములోని నాలుగు స్వరములను గ్రహించి అప్పటికప్పుడు అల్లుకొనిపోవును. 1955 నుండి 1984 వరకు ఇచట వాయించిన పియేర్ కోషెరో ఈ విద్యకు ప్రసిద్ధుడు. ఇట్టి విద్య గ్రంథములలో దాగదు. గురువు నుండి శిష్యునకు రావలసినదే.

2019 ఏప్రిల్ 15న అగ్ని చెలరేగినది. శిఖరము కూలినది. ఆర్గన్ మీది రాతికప్పు నిలిచి దానిని కాపాడినది. కాని పైకప్పున కరిగిన సీసపు ధూళి గొట్టములనిండ పేరుకొన్నది. అది విషము. 2020 ఆగస్టు నుండి డిసెంబరు వరకు వాద్యమును ఊడదీసి, గొట్టములను శుభ్రము చేయుటకు పనివారి కర్మశాలలకు పంపినారు. తిరిగి అమర్చిన పిదప 2024లో స్వరశుద్ధి జరిగినది. పగలు సుత్తుల చప్పుడు. అందుచేత నిశ్శబ్దము దొరకు రాత్రివేళలలో గొట్టము వెంట గొట్టమును విని సరిచేసినారు. ఈ కాలమంతయు కథీడ్రల్ గాయకబృందము ఊరకుండక, నగరములోని ఇతర చర్చిలలో పాడుచు తన విద్యను నిలుపుకొన్నది. 2024 డిసెంబరు 7న ఆర్చిబిషప్ ఆర్గన్‌ను ఎనిమిదిమార్లు సంబోధించి మేల్కొలిపినాడు. ప్రతి పిలుపునకును వాద్యకారులు మనోధర్మముతో బదులు పలికించినారు.

ఈ శుభాంతము అందరికి దక్కలేదు. నాంత్ నగరపు కథీడ్రల్‌లో 17వ శతాబ్ది నాటి పెద్ద ఆర్గన్ ఉండెడిది. అది విప్లవమును దాటినది. 1972లో కప్పును దహించిన అగ్నిని దాటినది. 2020 జూలై 18న మరొక అగ్నిలో ఒక్క ఉదయమున బూడిదైనది.

అగ్ని కంటె నెమ్మదైన ప్రమాదము వేరొకటి ఉన్నది. ఫ్రాన్సులో 1905 నాటి చట్టమును అనుసరించి కథీడ్రళ్లు ప్రభుత్వ ఆస్తి. అంతకు ముందు నిర్మించిన ఊరి చర్చిలు పురపాలక సంఘములవి. నోత్రదామ్‌కు లోకమంతయు విరాళమిచ్చినది. చిన్న ఊరి ఆర్గన్‌కు ఎవరిత్తురు? ఆరాధనకు వచ్చువారు తగ్గినచో వాయించువారును తగ్గుదురు. వాయింపని ఆర్గన్‌లో దుమ్ము చేరును, తోలు ఎండిపోవును. 1963లో రెండవ వాటికన్ మహాసభ పైప్ ఆర్గన్‌ను మిక్కిలి గౌరవింపవలెనని చెప్పుచునే, ఆరాధనకు తగిన ఇతర వాద్యములకును, ఆయా జాతుల సంగీతమునకును ద్వారము తెరచినది. తెలుగునాట ప్రొటెస్టెంటు సంఘములలో ఈ పని అంతకు చాల పూర్వమే జరిగినది: పురుషోత్తమ చౌధురి (1803–1890) వంటివారు రాగతాళములతో కీర్తనలు రచించినారు. కనుక ఆర్గన్ లేనిదే భక్తి లేదని మేము చెప్పబోము. అది లేకున్న పోవునది ఒక మహావిద్య.

ఆ విద్యకు నేడు ఎందరున్నారు? జర్మనీలోని ఆర్గన్ నిర్మాణమును, సంగీతమును యునెస్కో 2017లో మానవజాతి వారసత్వముగా గుర్తించినది. ఆ సందర్భమున చూపిన లెక్కలో ఆ దేశమున సుమారు 50,000 ఆర్గన్లు, 400 కర్మశాలలు, 2,800 మంది పనివారు ఉన్నారు. పని నేర్చుకొనుచున్న యువకులు 180 మంది. మా దృష్టిలో ఈ చివరి అంకెయే ముఖ్యమైనది. నోత్రదామ్ గొట్టములను రాతికప్పు కాపాడినది. వాటిని మరల పలికించినది మాత్రము చిన్ననాడు ఎవరివద్దనో పని నేర్చిన చేతులు. ఆ 180 మంది చేతులలోనికి రాబోవు ఆర్గన్లు 50,000.