గోదావరి తీర బొగ్గు ప్రాంతంలో వాయు కాలుష్య చట్టాలు

గాలి కాలుష్యాన్ని అదుపు చేసే కేంద్ర చట్టాలు, వాటి కింద వెలువడిన ప్రమాణాలు ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఎలా వర్తిస్తున్నాయన్నది ఈ వ్యాస విషయం. 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో రామగుండం, బసంత్‌నగర్ పెద్దపల్లి జిల్లాలో చేరాయి. జైపూర్, దేవాపూర్, మందమర్రి, శ్రీరాంపూర్ మంచిర్యాల జిల్లాకు, కాగజ్‌నగర్ కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు వెళ్లాయి. పాత రికార్డుల్లో ఇవన్నీ రెండు ఉమ్మడి జిల్లాల పేర్ల కిందే ఉంటాయి కనుక ఇక్కడా ఆ పద్ధతినే పాటించాం.

చట్టం కన్నా ముందు వచ్చిన చిమ్నీలు

ఈ ప్రాంతంలో పెద్ద పరిశ్రమలు చాలావరకు వాయు చట్టం కన్నా ముందే వచ్చాయి. సిర్పూర్ కాగితపు మిల్లుకు 1938, 1942 అనే రెండు తేదీలు కనిపిస్తాయి. మొదటిది సంస్థ ఏర్పాటుకు, రెండోది ఉత్పత్తికి సంబంధించినవిగా భావించవచ్చు. పొగ లెక్కకు రెండోదాన్ని తీసుకోవడమే సబబు. మంచిర్యాల సిమెంటు ఫ్యాక్టరీ 1950ల చివర, బసంత్‌నగర్ కేశోరాం సిమెంటు 1960ల చివర, రామగుండంలో 62.5 మెగావాట్ల థర్మల్ కేంద్రం 1971లో మొదలయ్యాయి. బొగ్గు నుంచి ఎరువు తయారుచేసే ఎఫ్‌సీఐ కర్మాగారంలో 1980లో వాణిజ్య ఉత్పత్తి ఆరంభమైంది. అది 1999లో మూతపడింది. అదే ప్రాంగణంలో వచ్చిన ఆర్ఎఫ్‌సీఎల్ 2021 నుంచి సహజవాయువుతో నడుస్తోంది. ఒక కర్మాగారం బొగ్గు వదిలి గ్యాసుకు మారడం ఇక్కడి గాలి చరిత్రలో చెప్పుకోదగ్గ మార్పే. అయితే అది కాలుష్య చట్టం ఒత్తిడితో వచ్చింది కాదు.

1981కి ముందు పొగ బాధితుడికి ఉన్న ముఖ్యమైన దారులు రెండు. గాలిని ఆరోగ్యానికి హానికరంగా మార్చినవారికి శిక్షాస్మృతి 278వ సెక్షన్ 500 రూపాయల వరకు జరిమానా వేసేది. ప్రజా బాధలను తొలగించాలని మేజిస్ట్రేటు ఆదేశించేందుకు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ఉండేది. ఇప్పుడు ఆ స్థానాల్లో భారతీయ న్యాయ సంహిత 280, భారతీయ నాగరిక సురక్షా సంహిత 152 సెక్షన్లు ఉన్నాయి. 280 కింద జరిమానా పరిమితి 1,000 రూపాయలు. కలకత్తా, బొంబాయిల కోసం 1905, 1912లలో వచ్చిన పొగ చట్టాలకు ఈ ప్రాంతంతో సంబంధం లేదు.

1981 చట్టం

వాయు (కాలుష్య నివారణ, నియంత్రణ) చట్టానికి 1981 మార్చి 29న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అమలు మే 16 నుంచి. రెండు తేదీలూ వాడుకలో ఉన్నా బాధ్యతలు మొదలైంది మే 16నే. 1974 నాటి జల చట్టంతో కలిపి చెప్పేటప్పుడు దీన్ని కూడా రాష్ట్రాలు 'స్వీకరించాయి' అని రాయడం పరిపాటి. అది సరి కాదనిపిస్తుంది. జల చట్టం రాజ్యాంగం 252వ అధికరణం కింద వచ్చింది, దానికి రాష్ట్ర శాసనసభల తీర్మానం కావాలి. వాయు చట్టం 1972 స్టాక్‌హోం సమావేశ నిర్ణయాల అమలు కోసం 253వ అధికరణం కింద చేసినది, దేశమంతటికీ నేరుగా వర్తిస్తుంది. అమలు మాత్రం జల చట్టం కింద 1976లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి చేతికే వచ్చింది. 2014లో తెలంగాణ మండలి వేరుపడింది.

చట్టం పనిచేసేది ముఖ్యంగా 19, 21 సెక్షన్ల మీద. 19 కింద రాష్ట్ర ప్రభుత్వం వాయు కాలుష్య నియంత్రణ ప్రాంతాలను ప్రకటిస్తుంది. 21 ప్రకారం అక్కడ పరిశ్రమ పెట్టడానికీ నడపడానికీ మండలి సమ్మతి తీసుకోవాలి. పారిశ్రామికుల నోట ఇది 'కన్సెంట్', కాగితాల మీద సీఎఫ్ఈ (పెట్టడానికి), సీఎఫ్ఓ (నడపడానికి). భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో చట్టాన్ని సవరించి 31ఎ సెక్షన్ చేర్చారు. ఫ్యాక్టరీ మూసేయమనీ, కరెంటు, నీళ్లు ఆపమనీ కోర్టుకు వెళ్లకుండానే ఆదేశించే అధికారం మండలికి వచ్చింది దీనితోనే. శబ్దాన్ని కాలుష్య కారకాల్లో చేర్చిందీ ఈ సవరణే. 1986 నవంబరు 19 నుంచి అమల్లో ఉన్న పర్యావరణ పరిరక్షణ చట్టం అన్నిటికీ గొడుగు. పరిశ్రమలవారీ ఉద్గార ప్రమాణాలు ఎక్కువగా దాని నియమాల్లోనే ఉన్నాయి.

ఒకే ఊరు, వేర్వేరు కొలతలు

రామగుండం ఎన్టీపీసీకి 1978 నవంబరు 14న శంకుస్థాపన జరిగింది, 1983లో తొలి యూనిట్ వచ్చింది. 200 మెగావాట్లవి మూడు, 500 మెగావాట్లవి నాలుగు, మొత్తం 2,600 మెగావాట్లు. ఏడో యూనిట్ 2004లో చేరింది. రాష్ట్ర పునర్విభజన చట్టం హామీతో కట్టిన తెలంగాణ సూపర్ థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల తొలి యూనిట్‌ను 2023 అక్టోబరు 3న నిజామాబాద్‌లో, రెండోదాన్ని 2024 మార్చి 4న ఆదిలాబాద్‌లో ప్రధాని జాతికి అంకితం చేశారు. గోదావరి అవతలి ఒడ్డున జైపూర్ మండలం పెగడపల్లిలో బొగ్గు గనుల సంస్థ సింగరేణి సొంత థర్మల్ కేంద్రం 1,200 మెగావాట్లతో 2016 నుంచి నడుస్తోంది.

కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చిమ్నీలకు 2015 డిసెంబరు 7 నాటి నోటిఫికేషన్ కట్టిన వయసు చూసి పరిమితులు పెట్టింది. 2003 చివరికల్లా వచ్చిన యూనిట్లు ఘనపు మీటరు పొగలో 100 మిల్లీగ్రాముల ధూళి వరకు వదలవచ్చు. 2004 నుంచి 2016 దాకా వచ్చినవాటికి పరిమితి 50, 2017 జనవరి తర్వాతివాటికి 30. గంధకం డయాక్సైడుకైతే పాత యూనిట్లలో 500 మెగావాట్ల లోపువాటికి 600, ఆపైవాటికి 200, కొత్తవాటికి 100. అంటే రామగుండం పాత 200 మెగావాట్ల యూనిట్లు, ఏడో యూనిట్, తెలంగాణ కేంద్రం ధూళి విషయంలో మూడు వేర్వేరు కొలతల కింద ఉన్నాయి. వాటి గాలి చేరేది మాత్రం ఒకే గోదావరిఖనికి. పాత యంత్రాలకు వెసులుబాటు ఇవ్వడంలో సాంకేతిక న్యాయం ఉండవచ్చు. పీల్చేవాడి ఊపిరితిత్తుల లెక్కలో అది ఇమడదు.

గంధకం విషయంలో చట్టం మొదట నమ్ముకున్నది చిమ్నీ ఎత్తును. పాత నియమాల ప్రకారం 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 275 మీటర్లు, 200 మెగావాట్ల స్థాయివాటికి 220 మీటర్లు ఉండాలి. దీనివల్ల వాయువు తగ్గదు, మరింత దూరంలో పడుతుంది. 2015 నోటిఫికేషన్ ఈ ఆలోచనను తిప్పేసి, వాయువును చిమ్నీ దాటకముందే పట్టుకోవాలంది. అందుకోసం పొగ నుంచి గంధకాన్ని తీసేసే ఎఫ్‌జీడీ యంత్రాలు కావాలి. 2017 డిసెంబరు గడువు పదేపదే జరిగింది. 2021 ఏప్రిల్‌లో కేంద్రాలను ఎ, బి, సి వర్గాలుగా విడదీశారు. జాతీయ రాజధాని ప్రాంతానికి, పది లక్షల జనాభా నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి ఎ. తీవ్ర కాలుష్య ప్రాంతాలకు, ప్రమాణాలు అందుకోని నగరాలకు 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి బి. మిగిలినవన్నీ సి. 2025 జూలై 11 నాటి నోటిఫికేషన్ చిమ్నీ ఎత్తు నిబంధన పాటిస్తే చాలని చెప్పి సి వర్గాన్ని గంధక పరిమితి నుంచి మినహాయించింది. ఈ నిర్వచనాల ప్రకారం రామగుండం, జైపూర్ రెండూ సి కిందికే వస్తాయి.

బొగ్గు నాణ్యత నియమం కూడా వీటిని దాటి వెళ్లింది. గనికి 1,000 కిలోమీటర్లకు మించిన దూరంలోని కేంద్రాలు, నగరాల్లో, సున్నిత ప్రాంతాల్లో ఉన్నవి 34 శాతానికి మించి బూడిద ఉన్న బొగ్గు వాడరాదని 1997లో నియమం పెట్టారు. తర్వాత ఆ దూరాన్ని 500 కిలోమీటర్లకు తగ్గించి, 2020లో నియమాన్నే ఎత్తేశారు. గని పక్కనే ఉన్న రామగుండానికి దూరం లెక్క ఏనాడూ అడ్డు రాలేదు. బూడిదంతా ఇక్కడే మిగులుతుంది. బూడిద వినియోగంపై 1999 సెప్టెంబరు 14న మొదలైన నోటిఫికేషన్ల పరంపర 2021 డిసెంబరు 31 నాటి ఆదేశంతో గట్టిపడింది. వాడకుండా మిగిల్చిన ప్రతి టన్నుకూ 1,000 రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. కుందనపల్లి వైపు బూడిద చెరువు పై పొర ఎండాకాలంలో ఆరిపోతే, గాలి దుమారం లేచిన రోజున ఆ తెల్లటి పొడి ఆరేసిన బట్టల మీద, నీళ్ల బిందెల మీద పడుతుంది. అందుకే ఉపరితలాన్ని తడిగా ఉంచడం, లారీల మీద టార్పాలిన్ కప్పడం వంటి చిన్న షరతులే పరిసర గ్రామాలకు అన్నిటికన్నా ముఖ్యం.

ఓపెన్‌కాస్టు దుమ్ము

సింగరేణిలో ఓపెన్‌కాస్టు తవ్వకం 1970ల మధ్యలో రామగుండం ప్రాంతంలో మొదలైంది. సాధారణంగా 1975 అని చూపుతారు. భూగర్భ గనిలో దుమ్ము కార్మికుడికే పరిమితం, అక్కడ 1952 గనుల చట్టం చూసుకునేది. ఓపెన్‌కాస్టు ప్రాజెక్టులు (ఓసీపీలు) వచ్చాక బ్లాస్టింగు, డంపర్లు తిరిగే రోడ్లు, మట్టి గుట్టలు ఊరి గాలిలో భాగమయ్యాయి.

వీటికోసం 2000 సెప్టెంబరు 25న కేంద్రం బొగ్గు గనులకు ప్రత్యేక ప్రమాణాలు ఇచ్చింది. దుమ్ము పుట్టే చోటి నుంచి 500 మీటర్ల దూరంలో, గాలి వీచే దిశలో కొలవాలి. పీల్చదగిన ధూళి, అంటే ఇప్పుడు పీఎం 10 అంటున్నది, వార్షిక సగటున కొత్త గనులకు 180 మైక్రోగ్రాములు, 1998 డిసెంబరుకు ముందే ఉన్న గనులకు 215 దాటకూడదు. 2009 నవంబరు 18 నాటి జాతీయ ప్రమాణాల్లో పీఎం 10 వార్షిక పరిమితి 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 15. గని పక్క గాలికి అనుమతించిన దుమ్ము, దేశంలో మిగతా చోట్ల అనుమతించినదానికి కనీసం మూడింతలు.

అయితే ఆ నోటిఫికేషన్‌లోనే ఒక ముఖ్యమైన గమనిక ఉంది. నివాసాలు 500 మీటర్లలోపే ఉంటే గని ప్రమాణం కాదు, జాతీయ పరిసర గాలి ప్రమాణమే వర్తించాలి. ఓసీపీ అంచుకు దగ్గరగా కాలనీలు, పల్లెలు ఉన్న గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతాల్లో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం ఇది. ప్రజలకు తెలిసింది తక్కువ.

కొలిచే తీరు

జాతీయ గాలి పరిశీలన కార్యక్రమంలో కరీంనగర్, రామగుండం, ఆదిలాబాద్ పేర్లున్నాయి. ఈ పద్ధతిలో వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు నమూనా తీస్తారు. మేడ మీద పెట్టిన యంత్రంలో గాజు పీచు కాగితాన్ని ముందే తూచి బిగిస్తారు. ఎనిమిది గంటల్లో దాని గుండా సుమారు 500 ఘనపు మీటర్ల గాలి వెళుతుంది. తెల్ల కాగితం బూడిద రంగుకో నలుపుకో తిరుగుతుంది. పీఎం 10 సరిగ్గా రోజువారీ పరిమితి 100 దగ్గర ఉంటే పెరిగే బరువు 50 మిల్లీగ్రాములు. ఆ కాస్త బరువు మీదే ఏడాది నివేదిక నిలబడుతుంది. మిగిలిన 261 రోజులు లెక్కలోకి రావు.

ఇది సాంకేతిక విషయంగా తోచినా దీని ఫలితం చట్టపరమైనది. 2019 జనవరి 10న మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం నగరాలను ఎంచుకున్నది ఈ అంకెల ఆధారంగానే. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు వంటివి చేరాయి, ఉత్తర తెలంగాణ నుంచి ఏదీ చేరలేదు. ఆ జాబితాలో లేని ఊరి దగ్గరి థర్మల్ కేంద్రం, తీవ్ర కాలుష్య ప్రాంతానికి సమీపంలో ఉంటే తప్ప, బి వర్గంలోకీ రాదు. బొగ్గు ప్రాంతంలో గాలిని రోజూ కొలవడం, ఆ అంకెలను అందరికీ చూపించడం మిగిలిన అన్ని సంస్కరణల కన్నా ముందు జరగాలి. 2014 నుంచి థర్మల్, సిమెంటు, కాగితం, ఎరువులతో సహా 17 రకాల పరిశ్రమల చిమ్నీల్లో నిరంతర మీటర్లు పెట్టించారు. అవి చిమ్నీ సంగతి చెబుతాయి, వీధి సంగతి చెప్పవు.

క్వారీలు, మంటలు, చలి

కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, కంకర క్రషర్లు చిన్నవైనా చాలా ఉన్నాయి. క్రషర్ యంత్రం నుంచి 3 నుంచి 10 మీటర్ల లోపు కొలిస్తే మొత్తం ధూళి 600 మైక్రోగ్రాములు మించరాదు. ఆచరణలో యంత్రం చుట్టూ రేకుల గది, నీటి జల్లు, గాలికి అడ్డుగోడ ఉన్నాయా లేదా అన్నదే తనిఖీ.

వరి కొయ్యలకు నిప్పు పెట్టడం హార్వెస్టర్ల వాడకంతో పెరిగింది. ఇంధనం కాని వస్తువులను తగలబెట్టడాన్ని నిషేధించే అధికారం 19(5) సెక్షన్ రాష్ట్రానికి ఇస్తుంది. బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తునైతే 25,000 జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది.

తెలంగాణలో చలి ఎక్కువగా పడేది ఆదిలాబాద్ వైపే. చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరి గాలి చల్లబడి కదలకుండా నిలిచిపోతుంది. సరిగ్గా అదే పత్తి మార్కెట్టు, జిన్నింగ్ మిల్లుల సీజను. చిమ్నీ పరిమితులు ఏడాది పొడవునా ఒక్కటే, వాతావరణాన్ని బట్టి మారవు.

శిక్షలు, ప్రజల హక్కులు

సమ్మతి లేకుండా నడపడం, పరిమితి మించి వదలడం వంటి నేరాలకు మూల చట్టం 1987 సవరణ తర్వాత ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల దాకా జైలు చెప్పింది. 2023 జన్ విశ్వాస్ చట్టం, 2024 ఏప్రిల్ 1 నుంచి, వీటిలో చాలావాటిని 10,000 నుంచి 15 లక్షల రూపాయల జరిమానాలుగా మార్చి నిర్ణయాన్ని అధికారికి అప్పగించింది. కేసులు త్వరగా తేలుతాయన్నది అనుకూలుర మాట. 15 లక్షలు పెద్ద కేంద్రానికి భయం కలిగించే మొత్తం కాదన్నది ప్రతివాదం. రెండోదే బలంగా కనిపిస్తుంది.

2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ కొత్త గనులకు, చాలా విస్తరణలకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేసింది. ముప్పై రోజుల ముందు పత్రికా ప్రకటన ఇవ్వాలి. సభ కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షతన జరగాలి. లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో నమోదు చేయాలి. ఆదిలాబాద్ ఏజెన్సీలో గోండి, కొలామీ మాట్లాడే గూడేలకు ఈ నిబంధనను తెలుగుతో సరిపెట్టడం దాని ఉద్దేశాన్ని సగమే నెరవేరుస్తుంది.

వాయు చట్టం 43వ సెక్షన్ కింద మండలికి 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా సొంతంగా కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు. అలా ఫిర్యాదు చేసిన వ్యక్తి అడిగితే తన దగ్గరున్న సంబంధిత నివేదికలను మండలి ఇవ్వాలి. ప్రజాప్రయోజనానికి భంగం అనుకుంటేనే నిరాకరించవచ్చు. 500 మీటర్ల లోపు నివాసాల గాలి కొలతలను రాబట్టడానికి ఓసీపీ పక్క గ్రామాలకు ఉన్న నేరైన దారుల్లో ఇదొకటి.