డమాస్కస్ కత్తి మీద అలలు ఎలా వచ్చాయి?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి మొదటిసారి వెళ్ళినప్పుడు ఒక కత్తి ముందు ఆగిపోయాను. దాని మీద పొడవునా నీటి అలల్లాంటి గీతలు. ఎవరో ఓపిగ్గా చెక్కారనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, అవి ఉక్కు లోపలే పుట్టాయని.

వీటిని ప్రపంచం డమాస్కస్ కత్తులంటుంది. పేరు సిరియా ఊరిది, ఉక్కు మాత్రం చాలావరకు దక్షిణ భారతం నుంచి వెళ్ళింది. అందులో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకటి. సర్వే పనిలో తిరిగే హెన్రీ వాయ్సీ అనే డాక్టరు అక్కడి కొలుములు చూసి రాసుకున్నాడు. ఆయన 1824లో పోయాడు, వ్యాసం 1832లో అచ్చయింది. పర్షియా వ్యాపారులు సరుకు కోసం స్వయంగా ఆ ఊరికి వచ్చేవాళ్ళట. వాళ్ళ దేశంలో చేసి చూశారట, కుదర్లేదట!

పని ఏంటంటే, రెండు రకాల ఇనుము మట్టి మూసలో వేసి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి కరిగించడం. ఆ తర్వాత నీళ్ళు పోసి చల్లార్చరు. నిదానంగా ఆరనిస్తారు. కిటుకంతా అక్కడే.

ఈ ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం. 1000 డిగ్రీలు దాటితే అదంతా ఇనుములో కలిసిపోయి ఉంటుంది. వేడి తగ్గేకొద్దీ ఇనుము అంత కార్బన్‌ని తనలో ఉంచుకోలేదు. పాకం చల్లారితే చక్కెర పలుకులు కట్టినట్టు, కార్బన్ ఇనుముతో జతకట్టి సిమెంటైట్ అనే గట్టి పదార్థంగా బయటపడుతుంది. తేడా ఒక్కటే, ఇక్కడ పాకం కూడా ఘనమే. 727 డిగ్రీల దగ్గర మిగిలిన ఇనుము కూడా రూపు మార్చుకుంటుంది. తెల్లటి గీతలు సిమెంటైట్ వరసలు, మధ్యలో నల్లగా కనిపించేది మిగతా ఉక్కు.

యూరప్ కమ్మర్లు దీన్ని తమ మామూలు ఇనుములాగే తెల్లగా కాగేదాకా వేడిచేసి కొట్టారు. ముద్ద పగిలిపోయింది. కార్బన్ ఎక్కువైతే ఉక్కు తక్కువ వేడికే కరగడం మొదలుపెడుతుంది మరి. ఎర్రగా ఉన్నప్పుడే, మళ్ళీమళ్ళీ కాచి మెల్లగా సాగదీయాలి.

1998లో వెర్హోవెన్, పెండ్రే అనే ఇద్దరు ఇంకో ముక్క కలిపారు. ఒకరు ప్రొఫెసర్, ఇంకొకరు కమ్మరి (ఈ జోడీ నాకు భలే నచ్చింది). ఖనిజంలో రవ్వంత వెనేడియం లాంటిది ఉంటేనే, కాచిన ప్రతిసారీ సిమెంటైట్ వరసలు కడుతుందని వాళ్ళు కత్తులు చేసి చూపించారు. అలాంటి ఖనిజం దొరకడం ఆగిపోతే? కమ్మరి అదే చెయ్యి, అదే సుత్తి, కానీ గీతలు రావు. ఈ విద్య అంతరించడానికి అదీ ఒక కారణం కావచ్చని వాళ్ళ ఊహ.

కోనసముద్రంలో థర్మామీటర్ లేదు, మైక్రోస్కోప్ లేదు. మంట రంగు చూసి చెప్పేవాళ్ళు.