కోవిడ్ మరణప్రమాదపు అంచనాలు: మంగఫ్ నుంచి ఒక పరిశీలన

2020 మే 10 నుంచి 30 వరకు కువైత్ అంతటా పూర్తి కర్ఫ్యూ అమలైంది. అంతకు నెల ముందే, ఏప్రిల్ మొదటివారంలో, మంగఫ్‌కు ఉత్తరాన కొద్ది దూరంలోని మహబూలాను, విమానాశ్రయం దగ్గరి జలీబ్ అల్ షుయూఖ్‌ను ప్రభుత్వం దిగ్బంధం చేసింది. రెండూ విదేశీ కార్మికులు కిక్కిరిసి ఉండే ప్రాంతాలే. ఆ రోజుల్లో మంగఫ్‌లోని మా ఇంటి ఫోను రాత్రిళ్ళు తరచుగా మోగేది. రాయచోటి, రాజంపేట వైపు నుంచో, గోదావరి జిల్లాల నుంచో వచ్చి ఇక్కడ డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, కూలీలుగా పనిచేస్తున్నవారు చేసేవారు. పలకరింపులు అయ్యాక ప్రశ్న ఒకటే: "సార్, మావాడిని ఆస్పత్రికి తీసకపోయినారు. బతుకుతాడా సార్?"

వైద్యుడిని అడిగే ప్రశ్నలలో ఇదే అతి పాతది. దీనికి అంకెలలో జవాబు చెప్పడానికి 2020లో ప్రపంచవ్యాప్తంగా పెద్ద ప్రయత్నం జరిగింది. ఆ అంకెలు ఎక్కడ పుట్టాయి, ఎవరిని చూసి పుట్టాయి, మంగఫ్‌లాంటి చోట ఒక తెలుగు కార్మికుడి మంచం దగ్గరికి వచ్చేసరికి వాటికి ఏమవుతుంది అన్నది ఈ వ్యాసవిషయం.

అరిష్టాల నుంచి అంకెల దాకా

చరకసంహితలో ఇంద్రియస్థానం అనే భాగం ఉంది. అందులోని పన్నెండు అధ్యాయాలూ మరణసూచకమైన అరిష్టలక్షణాలకే కేటాయించినవి. రోగి వర్ణం, స్వరం, శ్వాస, చూపు ఎలా మారితే ఆశ వదులుకోవాలో అక్కడ వివరంగా ఉంటుంది. గ్రీకు సంప్రదాయంలో హిపోక్రటీస్ పేర వచ్చిన గ్రంథాలలోనూ ఇలాంటి పరిశీలన ఉంది. కణతలు లోపలికి పోయి, ముక్కు సూదిగా తేలిన ముఖాన్ని ఈనాటికీ ఆయన పేరుతోనే వ్యవహరిస్తారు. ఈ రెండు సంప్రదాయాలలోనూ లక్షణాలను గుర్తించడమే ఉంది. నూటికి ఎందరు పోతారన్న లెక్క లేదు.

ఆ లెక్క ఆసుపత్రి మంచాల దగ్గరికి చేరింది ఇరవయ్యవ శతాబ్దపు రెండవ భాగంలో. 1981లో అమెరికాలో విలియం నాస్ బృందం ఐసీయూ రోగుల కోసం అపాచీ అనే పద్ధతిని ప్రకటించింది. 1985లో దాన్ని పన్నెండు శారీరక కొలతలకు కుదించి అపాచీ-2గా అందించింది. రక్తపోటు, ఉష్ణోగ్రత, శ్వాసల సంఖ్య, రక్తపరీక్షలు మొదలైనవి సాధారణ స్థాయికి ఎంత దూరం జరిగితే అన్ని పాయింట్లు. వయసుకు, దీర్ఘకాలిక వ్యాధులకు మరికొన్ని. ఒక ఐసీయూలో ఎక్కువమంది పోతున్నారంటే చికిత్స లోపమా, లేక అక్కడికి వచ్చే రోగులే ఎక్కువ జబ్బుతో వస్తున్నారా అన్నది తేల్చడం ఆ పద్ధతికి ఒక ముఖ్యోద్దేశం. అంటే ఒక గుంపును మరొక గుంపుతో పోల్చే సాధనం అది. ఒక మనిషి భవిష్యత్తు చెప్పడానికి దాన్ని వాడవచ్చునా అన్న సందేహం అప్పటి నుంచీ ఉంది.

2003లో న్యుమోనియా రోగుల కోసం కర్బ్-65 వచ్చింది. మతి స్థిమితం, రక్తంలో యూరియా, శ్వాసల వేగం, రక్తపోటు, అరవై ఐదేళ్ళ వయసు: ఈ అయిదే అందులోని అంశాలు. కరోనా వచ్చేనాటికి వైద్యుల చేతిలో ఉన్నవి ఇలాంటి పనిముట్లే.

2020లో వచ్చిన వెల్లువ

2020 మేలో వూహాన్ నుంచి వచ్చిన ఒక పరిశోధన మూడే మూడు రక్తపరీక్షలతో, అంటే ఎల్‌డీహెచ్, లింఫోసైట్లు, సి-రియాక్టివ్ ప్రోటీన్ల ఆధారంగా, ఎవరు మరణిస్తారో తొంభై శాతానికి పైగా సరిగ్గా చెప్పగలమన్నది. అదే సూత్రాన్ని ఇతర దేశాల రోగులకు వర్తింపజేస్తే ఆ ఖచ్చితత్వం నిలవలేదు. అలాంటి నమూనాలు వందల సంఖ్యలో వెలువడ్డాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్ష వాటిని వరసగా పరిశీలిస్తూ పోయింది. 232 నమూనాలు చూశాక కూడా అత్యధికభాగం నమ్మదగినవి కావని తేల్చింది. లండన్ యూనివర్సిటీ కాలేజ్ ఆసుపత్రిలో 411 మంది రోగులపై 22 నమూనాలను పరీక్షించిన మరో బృందానికి తేలింది ఇంకా సూటిగా ఉంది. మరణాన్ని అంచనా వేయడంలో రోగి వయసు ఒక్కటీ చెప్పగలిగినదానికి మించి ఆ నమూనాలు చెప్పింది ఏమీ లేదు. పరిస్థితి విషమించడాన్ని ముందుగా పట్టుకోవడంలో, గదిలోని మామూలు గాలి పీలుస్తున్నప్పటి ఆక్సిజన్ శాతాన్ని మించింది లేదు.

ఆ వెల్లువలో నిలిచిన కొద్దిపాటి వాటిలో బ్రిటన్‌లో తయారైన 4సి స్కోరు ఒకటి. 260 ఆసుపత్రులలోని 35,463 మంది వివరాల నుంచి దాన్ని రూపొందించారు. మరో 22,361 మందిపై సరిచూశారు. వయసు, లింగం, తోడు జబ్బుల సంఖ్య, శ్వాసల వేగం, ఆక్సిజన్ శాతం, స్పృహ, యూరియా, సి-రియాక్టివ్ ప్రోటీన్: ఎనిమిది అంశాలు, మొత్తం 21 పాయింట్లు. మూడు లేక అంతకన్నా తక్కువ వచ్చినవారిలో నూటికి ఒకరు, పదిహేను లేక అంతకన్నా ఎక్కువ వచ్చినవారిలో నూటికి 62 మంది మరణించారు. ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా దొరికే పరీక్షలతోనే చేయగలగడం దాని గొప్పతనం.

అయితే ఆ రోగుల మధ్యస్థ వయసు దాదాపు 73 ఏళ్ళు. కువైత్‌లో జాబిర్ అల్ అహ్మద్ ఆసుపత్రి వైద్యులు ప్రచురించిన మొదటి 1096 కేసుల వివరాలలో మధ్యస్థ వయసు 41. అందులో ఎనభై శాతం పైగా మగవారు. ఒకే వైరస్, రెండు వేర్వేరు జనాలు.

ఒక మంచం దగ్గర

ఇక ఒక ఊహాచిత్రం తీసుకుందాం. పాస్‌పోర్టు ప్రకారం 48 ఏళ్ళవాడు. ఆక్సిజన్ 88 శాతం, నిమిషానికి 28 శ్వాసలు, స్పృహ బాగానే ఉంది. యూరియా సాధారణం, సి-రియాక్టివ్ ప్రోటీన్ 120. "షుగరు ఉందా?" అని అడిగితే "లేదు సార్" అంటాడు. 4సి ప్రకారం వయసుకు సున్నా, మగవాడైనందుకు ఒకటి, శ్వాసకు ఒకటి, ఆక్సిజన్‌కు రెండు, సి-రియాక్టివ్ ప్రోటీన్‌కు రెండు. మొత్తం ఆరు. నాలుగు నుంచి ఎనిమిది దాకా మధ్యస్థ ప్రమాదవర్గం. బ్రిటన్‌లో ఈ వర్గంలో మరణించినవారు సుమారు పదిశాతం.

ఇప్పుడు రెండు సంగతులు కలుపుదాం. అతను ఎన్నడూ షుగరు పరీక్ష చేయించుకోలేదు. చేస్తే మధుమేహం బయటపడింది. స్థూలకాయం కూడా ఉంది. తోడు జబ్బులకు రెండు పాయింట్లు. ఇక పుట్టినతేదీ. మా తరంలో పల్లెబడుల్లో చదివిన చాలామందికి అది బడిలో చేర్చిన రోజు మాస్టారు వేసిన అంచనా. అసలు వయసు 51 అయితే మరో రెండు. మొత్తం పది. ఇది అధిక ప్రమాదవర్గం, మరణాలు సుమారు 31 శాతం. మనిషి మారలేదు, ఊపిరితిత్తులు మారలేదు. మారింది కాగితం మీద ఉన్నది మాత్రమే.

ఇందులో స్కోరు తప్పేమీ లేదు. "జబ్బు లేదు" అన్న మాటకు, "జబ్బు ఉందో లేదో ఎవరూ చూడలేదు" అన్న మాటకు మధ్య తేడా దానికి తెలియదు. బ్రిటన్‌లో చాలామందికి కుటుంబవైద్యుడి దగ్గర దశాబ్దాల రికార్డు ఉంటుంది. గల్ఫ్ కార్మికుడి ఆరోగ్యచరిత్ర చాలాసార్లు అతని నోటిమాటే.

కొలిచే పరికరానిది మరో సంగతి. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, వేలికి పెట్టే ఆక్సిమీటరు 92 నుంచి 96 చూపుతున్నప్పుడు కూడా రక్తంలో ఆక్సిజన్ 88 శాతం కంటే తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లవారిలో 3.6 శాతం. ఎండలో పనిచేసే మన నల్లని చర్మాలకు ఈ సంగతి వర్తించదని అనుకోవడానికి కారణం లేదు.

కువైత్ రిజిస్ట్రీ ఆధారంగా 2020లోనే వెలువడిన మరో పరిశోధన తొలి వారాల 1123 మంది రోగులను పరిశీలించింది. ఐసీయూలో చేరే లేక మరణించే అవకాశం కువైతేతరులలో సుమారు రెట్టింపు అని తేల్చింది. జాతీయత అనేది శరీరంలో ఉండే లక్షణం కాదు. ఒకే గదిలో పదిమంది ఉండటం, జీతం పోతుందనో పట్టుకుంటారనో జ్వరాన్ని దాచడం, ఆయాసం వచ్చాకగాని ఆసుపత్రికి పోకపోవడం: ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటాయని నా అభిప్రాయం. 4సిలోని ఎనిమిది అంశాలలో వీటికి చోటు లేదు. 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి నలభై మందికి పైగా భారతీయులు చనిపోయినప్పుడు అలాంటి గదులను లోకమంతా చూసింది. మహమ్మారి నాడు కూడా ఆ గదులు అలాగే ఉన్నాయి.

అంచనా దేనికి?

స్కోర్లు కాలంతో పాటు పాతబడతాయి కూడా. ఆక్సిజన్ అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని 2020 జూన్ 16న బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష ప్రకటించింది. ఆ తర్వాత టీకాలు వచ్చాయి. ఆ ఏటి వసంతంలో తయారైన శాతాలు మరుసటి ఏడాది రోగికి యథాతథంగా వర్తించవు. మన ముందరి రోగి గురించి స్కోరు చెప్పేది అతనికన్నా ముందు, వేరొక చోట, వేరొక చికిత్సతో గడిచినవారి చరిత్ర.

అలాగని వాటిని పారవేయమని నేను అనను. ఎవరిని ఇంటికి పంపవచ్చు, ఎవరిని కళ్ళముందు ఉంచుకోవాలి అన్న నిర్ణయానికి అవి అలసిన వైద్యుడి ఊహకన్నా మేలు. కాని సున్నా వేసే ముందు ఒక్క చుక్క రక్తంతో షుగరు చూడాలి. ఆక్సిమీటరు అంకె మీద అనుమానం ఉంటే ధమనిరక్తం పరీక్షించాలి. వయసు అడిగేటప్పుడు పాస్‌పోర్టుతో ఆగకూడదు. ముఖ్యంగా, తక్కువ స్కోరు వచ్చినవాడు ఎన్నో రోజున ఆసుపత్రికి వచ్చాడో రాసుకోవాలి.

అరిష్టం కనబడినా అడగనిదే మరణం గురించి చెప్పవద్దనీ, అడిగినా రోగికి గాని అతనివారికి గాని హాని జరిగేచోట చెప్పవద్దనీ చరకసంహిత వైద్యుడిని హెచ్చరిస్తుంది. ఆ రాత్రులలో ఫోను చేసినవారికి నేను ఎన్నడూ శాతం చెప్పలేదు. తిరిగి నేనే అడిగేవాడిని: "ఆయాసం మొదలై ఎన్నాళ్ళయింది? షుగరు ఎప్పుడైనా చూపించుకున్నాడా? అసలు వయసెంత?" జవాబులు రాసుకుని, అక్కడి డ్యూటీ డాక్టరుకు ఆ మూడు సంగతులూ తప్పక చెప్పమని వాళ్ళతో అనేవాడిని.