చేతులు మారిన స్వర్ణం

పది వేల మీటర్ల పరుగును 28 నిమిషాల్లోపు ముగించిన మనిషి 1965 వేసవి దాకా లేడు. ఆ ఏడాది జూలై 14న ఓస్లోలోని బిస్లెట్ మైదానంలో ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్ దాన్ని 27 నిమిషాల 39.4 సెకన్లలో ముగించాడు. అంతకుముందున్న అధికారిక రికార్డు 28 నిమిషాల 15.6 సెకన్లు. అదీ అతనిదే. దూరపు పరుగుల్లో రికార్డు మెరుగుపడితే రెండు మూడు సెకన్లు తగ్గుతుంది, అదే గొప్ప. క్లార్క్ ఒక్కసారిగా 36 సెకన్లు తగ్గించాడు. ఇప్పటి మెత్తటి సింథటిక్ ట్రాక్ మీద కాదు, బొగ్గునుసి పరిచిన ట్రాక్ మీద. పాతిక రౌండ్లు, రౌండుకు సగటున 66 సెకన్ల పైచిలుకు. అందులో చాలా దూరం అతని పక్కన మరో మనిషి లేడు.

దానికి నాలుగు రోజుల ముందే లండన్‌లో మూడు మైళ్ల పరుగును 12 నిమిషాల 52.4 సెకన్లలో ముగించి, 13 నిమిషాల గడప దాటిన తొలి మనిషి అయ్యాడు. జీవనాధారం మెల్‌బోర్న్‌లో అకౌంటెంట్ ఉద్యోగం. పరుగుకు డబ్బులు పుచ్చుకోకూడని కాలం అది. మొత్తం మీద 17 ప్రపంచ రికార్డులు అతని పేరున నమోదయ్యాయి.

ఒలింపిక్ స్వర్ణాలు మాత్రం సున్నా. ఒకే ఒక్క కాంస్యం. కామన్వెల్త్ క్రీడల్లో నాలుగు రజతాలు, అక్కడా స్వర్ణం లేదు.

క్లార్క్‌ను గొప్ప ఛాంపియన్ల వరసలో కూర్చోబెట్టవచ్చా అన్న వాదన అరవయ్యేళ్లుగా నడుస్తోంది. అసలైన రోజున గెలవలేనివాడు ఛాంపియన్ ఎలా అవుతాడని ఒక వర్గం అడుగుతుంది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది, దాన్ని తేలిగ్గా తోసేయలేం. కానీ నేను రెండో వర్గం మనిషిని. ఎందుకో చెప్పాలంటే అతని కథలో కొంత వెనక్కి వెళ్లాలి.

1956 మార్చిలో ఆస్ట్రేలియా జాతీయ పోటీల మైలు పరుగు మెల్‌బోర్న్‌లో జరిగింది. బరిలో జాన్ లాండీ ఉన్నాడు. నాలుగు నిమిషాల్లోపు మైలు పరిగెత్తిన రెండో మనిషి, ఆనాటి ప్రపంచ రికార్డు అతనిదే. పందొమ్మిదేళ్ల క్లార్క్ కూడా ఉన్నాడు, జూనియర్లలో మైలు రికార్డు అతనిది. మూడో రౌండులో ముందు పరిగెడుతున్న క్లార్క్ కాలు తట్టుకుని పడిపోయాడు. వెనకే వస్తున్న లాండీ అతని మీదుగా దూకేశాడు. దూకి, ఆగాడు. వెనక్కి వచ్చి కుర్రాడికి ఎలా ఉందో చూశాడు. మిగతావాళ్లు అప్పటికే ఎంతో ముందుకు వెళ్లిపోయారు. క్లార్క్ లేచాక లాండీ మళ్లీ పరుగందుకుని, అందర్నీ దాటి, ఆ పోటీ గెలిచాడు. ఆగకపోతే ఆ రోజు ప్రపంచ రికార్డు బద్దలయ్యేదేనని చాలామంది నమ్మారు. ఆ క్షణాన్ని శిల్పంగా మలిచి మెల్‌బోర్న్‌లో నిలబెట్టారు. లాండీ రికార్డు తర్వాత ఎన్నో చేతులు మారింది, శిల్పం మాత్రం ఈ పరుగుకే దక్కింది.

అదే ఏడాది నవంబరు 22న మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ప్రారంభమైనప్పుడు క్రీడాకారుల తరఫున ప్రమాణం చేసినవాడు లాండీ. జ్యోతి వెలిగించినవాడు క్లార్క్. రవ్వలు చిమ్మి చెయ్యి కాలినా మెట్లెక్కి వెలిగించాడు. పోటీల్లో మాత్రం అతనికి చోటు దక్కలేదు. తర్వాత కొన్నేళ్లు పరుగుకే దూరమయ్యాడు. అరవయ్యో దశకం మొదట్లో తిరిగొచ్చాడు. 1963 డిసెంబరుకల్లా పది వేల మీటర్ల రికార్డు అతని చేతిలో ఉంది.

కాబట్టి 1964 అక్టోబరు 14న టోక్యోలో పది వేల మీటర్ల ఫైనల్ మొదలయ్యేసరికి అందరి కళ్లూ అతని మీదే. క్లార్క్ తన పద్ధతిలోనే పరిగెత్తాడు. ముందు నిలబడి, ఒక రౌండు విడిచి ఒక రౌండు వేగం పెంచుతూ, వెంట వచ్చేవాళ్ల ఊపిరి తీసేశాడు. సగం దూరానికి అతని వెంట మిగిలింది కొద్దిమంది. చివరి రౌండుకు ముగ్గురు: క్లార్క్, ట్యునీషియాకు చెందిన మహమ్మద్ గమ్మూదీ, అమెరికాకు చెందిన బిల్లీ మిల్స్. మిల్స్ సౌత్ డకోటాలోని పైన్ రిడ్జ్‌లో పుట్టిన లకోటా తెగ మనిషి, అమెరికా మెరైన్ దళంలో అధికారి. ఆ రోజుకు ముందు అతని పేరు క్లార్క్ విననేలేదు.

ఒక రౌండు వెనకబడిన పరుగు మనుషులతో ట్రాక్ నిండిపోయింది. క్లార్క్ ముందు ఒకడు, పక్కన మిల్స్. దారి కోసం క్లార్క్ మిల్స్‌ను పక్కకు నెట్టాడు. ఆ ఇద్దరి మధ్య నుంచి గమ్మూదీ దూసుకుపోయాడు. క్లార్క్ అతన్ని తరిమాడు. అందరూ ఆ ఇద్దర్నే చూస్తుండగా బయటి వరసల్లోంచి మిల్స్ ఇద్దర్నీ దాటేశాడు. మిల్స్ 28 నిమిషాల 24.4 సెకన్లు, గమ్మూదీ 24.8, క్లార్క్ 25.8. ఇరవై ఎనిమిది నిమిషాల పరుగులో మొదటివాడికీ మూడోవాడికీ తేడా 1.4 సెకన్లు. ఒలింపిక్ చరిత్రలో అంత అద్భుతమైన ముగింపులు కొన్నే ఉంటాయి. మిల్స్ విజయంలో వెలితి వెతకడం అన్యాయం. అదే క్రీడల్లో 5 వేల మీటర్లలోనూ మారథాన్‌లోనూ క్లార్క్ తొమ్మిదో స్థానంలో వచ్చాడు.

అతని లోపమేమిటో అందరికీ తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. చివరి 200 మీటర్లలో పిడుగులా పరిగెత్తే శక్తి అతని కాళ్లలో లేదు. అలాంటివాడికి రెండు దారులు. పెద్ద పోటీల కోసం మిగతావన్నీ వదులుకుని, బరిలో ఎవరో ఒకరి వెనక దాక్కుని, అదను చూసి బయటపడటం ఒకటి. మొదటి అడుగు నుంచే పరుగును భరించలేనంత కష్టం చేసి, చివరికి ఎవరూ పక్కన లేకుండా చూసుకోవడం రెండోది. క్లార్క్ రెండోదే ఎంచుకున్నాడు, దాని ఖరీదు తెలిసే ఎంచుకున్నాడు. ముందు పరిగెత్తేవాడు వెనకవాళ్లకు గాలి కాస్తాడు, వేగం లెక్క కడతాడు. ఆ సేవ అందుకున్నవాడే చివర్లో దాటిపోతాడు. అయినా పిలిచిన ప్రతి ఊరికీ వెళ్లి, టిక్కెట్టు కొని వచ్చినవాళ్ల ముందు తన పూర్తి శక్తితో పరిగెత్తాడు. 1965లో ఒక్క ఐరోపా పర్యటనలోనే అన్ని రికార్డులు కూలడానికి కారణం అదే.

ఇది ఎంత అరుదైన పనో గుర్తుపట్టినవాడు ప్రాగ్‌లో ఉన్నాడు.

ఎమిల్ జాటోపెక్ పేరు దూరపు పరుగులు ఎరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. చెక్ దేశస్థుడు, బాటా చెప్పుల ఫ్యాక్టరీలో కార్మికుడిగా జీవితం మొదలుపెట్టాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో పది వేల మీటర్ల స్వర్ణం. 1952 హెల్సింకీలో 5 వేలు, 10 వేలు, ఆపైన జీవితంలో తొలిసారి పరిగెత్తిన మారథాన్, మూడింటికి మూడు స్వర్ణాలు. ఎనిమిది రోజుల్లో. అలాంటి మూడు విజయాలు ఒకే ఒలింపిక్స్‌లో మరొకరికి నేటికీ దక్కలేదు. అతను 5 వేల మీటర్లు గెలిచిన రోజే భార్య డానా జావెలిన్‌లో స్వర్ణం గెలిచింది. ఆ ఇద్దరూ ఒకే ఏడాది ఒకే రోజున పుట్టారు.

పతకాల సంగతి అలా ఉంచితే, పది వేల మీటర్లను 29 నిమిషాల్లోపు మొదట పరిగెత్తింది జాటోపెక్కే, 1954లో బ్రస్సెల్స్‌లో. 28 నిమిషాల్లోపు మొదట పరిగెత్తింది క్లార్క్. ఆ ఒక్క నిమిషం వెనక ఎన్ని ఉదయాల సాధన ఉందో జాటోపెక్‌కు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు.

ప్రత్యర్థులను గౌరవించడం మొదటి నుంచీ జాటోపెక్ తీరు. ఫ్రాన్స్‌కు చెందిన అలాన్ మిమూన్ రెండు ఒలింపిక్స్‌లో మూడుసార్లు జాటోపెక్ వెనకే రెండో స్థానంలో నిలిచాడు. 1956 మెల్‌బోర్న్ మారథాన్‌లో మిమూన్ గెలిచాడు. అభినందనలు పక్కన పెట్టి, గీత దగ్గరే నిలబడి తన పాత ప్రత్యర్థి కోసం ఎదురు చూశాడు. హెర్నియా ఆపరేషన్ నుంచి అప్పుడప్పుడే కోలుకున్న జాటోపెక్ ఆరో స్థానంలో, పూర్తిగా అలిసిపోయి వచ్చాడు. గెలిచింది మిమూన్ అని తెలియగానే టోపీ తీసి సెల్యూట్ చేసి కౌగలించుకున్నాడు.

1966లో జాటోపెక్ క్లార్క్‌ను ప్రాగ్‌కు పరుగు పోటీకి ఆహ్వానించాడు. తిరుగు ప్రయాణం రోజున విమానాశ్రయానికి స్వయంగా తీసుకెళ్లి, వీడ్కోలు చెబుతూ ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. ఇది స్నేహం కొద్దీ ఇవ్వడం లేదు, నువ్వు అర్హుడివి కాబట్టి ఇస్తున్నాను అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. కమ్యూనిస్టు ప్రభుత్వాల కాలం. దేశం దాటించాల్సిన రహస్య సందేశమేదో అయి ఉంటుందని క్లార్క్ భయపడ్డాడు. విమానం గాల్లోకి లేచాక విప్పి చూశాడు. 1952 హెల్సింకీ పది వేల మీటర్ల స్వర్ణ పతకం. దాని మీద క్లార్క్ పేరు, ఆనాటి తేదీ చెక్కించి ఉన్నాయి.

ఇది జాలి పడి చేసిన పని అనుకునేవాళ్లతో నేను ఒప్పుకోలేను. పరుగు ఎరిగిన మనిషి పరుగు ఎరిగిన మనిషికి ఇచ్చిన తీర్పు అది. స్వర్ణం గెలవడానికి ఏం కావాలో నాలుగుసార్లు గెలిచినవాడి కన్నా బాగా చెప్పగలిగేవాళ్లు ఎవరు?

రెండేళ్లకు మెక్సికో సిటీ ఒలింపిక్స్. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉన్న నగరం. అక్కడి గాలిలో, ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే నాలుగో వంతు తక్కువ. అరనిమిషంలో ముగిసే పరుగులకు పలచటి గాలి మేలు చేస్తుంది. అరగంట పరుగుకు చేటు. పది వేల మీటర్లలో రెండు రౌండ్లు మిగిలేదాకా క్లార్క్ ముందువరసలోనే ఉన్నాడు. ఆపైన కాళ్లు మాట వినలేదు. చివరి రౌండు ఒంటి మీద స్పృహ లేకుండానే ఈడ్చుకొచ్చి, ఆరో స్థానంలో గీత దాటి కుప్పకూలాడు. ఆస్ట్రేలియా జట్టు వైద్యుడు ప్రాణం దక్కదేమోనని ఏడ్చాడు. తర్వాతి కాలంలో క్లార్క్ గుండెకు శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చింది. కెన్యాకు చెందిన నఫ్తాలి టెము గెలిచిన కాలం 29 నిమిషాల 27.4 సెకన్లు. ఓస్లో పరుగు కంటే దాదాపు 1 నిమిషం 48 సెకన్లు ఎక్కువ. అయితే నేరమంతా ఎత్తు మీదే వేయడం సరికాదు. 1966లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో, సముద్రం పక్కనే, ఇదే టెము క్లార్క్‌ను ఆరు మైళ్లలో ఓడించాడు. కిప్ కేనో మూడు మైళ్లలో ఓడించాడు. తూర్పు ఆఫ్రికా పరుగు అప్పుడే లేచి నిలబడుతోంది, దాన్ని ముందుగా ఎదుర్కొన్నవాళ్లలో క్లార్క్ ఒకడు.

పతకం రంగు ఎన్నిటి మీద ఆధారపడుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994లో, 1995లో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ ఛాంపియన్. అప్పటికి ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్‌లిఫ్టింగే లేదు. 2000లో సిడ్నీలో మొదటిసారి చేర్చేనాటికి ఆమె పాతిక దాటింది, మరింత బరువు విభాగానికి మారింది. అక్కడ 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం 242.5 దగ్గర ఆగింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారత మహిళగా అందరం ఆమెను తలుచుకుంటాం, తలుచుకోవాలి. కానీ అంతకు ముందటి రెండు ప్రపంచ కిరీటాలను ఎందరు గుర్తుపెట్టుకున్నాం? అవి గెలిచింది ఆమె ఉచ్చదశలో.

జాటోపెక్ విషయానికి వస్తే, 1968లో చెకోస్లొవేకియాలోకి సోవియట్ సైన్యాలు వచ్చినప్పుడు అతను బాహాటంగా వ్యతిరేకించాడు. సైన్యంలో కల్నల్ హోదా పోయింది, పార్టీ వెలివేసింది. నాలుగు ఒలింపిక్ స్వర్ణాల వీరుడు భూగర్భ అన్వేషణ బృందాలతో ఊరూరూ తిరుగుతూ కూలిపని చేశాడు. 2000లో కన్నుమూశాడు. క్లార్క్ గోల్డ్ కోస్ట్ నగరానికి ఎనిమిదేళ్లు మేయరుగా పనిచేసి, 2015లో పోయాడు.

ఇక మొదటి వర్గం వాదనకు అత్యంత బలమైన సాక్షి ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె విరెన్. 1972 మ్యూనిక్‌లోనూ 1976 మాంట్రియల్‌లోనూ 5 వేలు, 10 వేలు రెండూ గెలిచాడు. ఒలింపిక్స్ లేని ఏళ్లలో అతని ఫలితాలు సామాన్యం. కావలసిన రోజుకు శరీరాన్ని సిద్ధం చేసుకోవడంలో అతనికి సాటి లేదు. క్లార్క్‌కు లేనిది సరిగ్గా అదే, ఆ కళకు నేనూ దండం పెడతాను. మ్యూనిక్ పది వేల మీటర్లలో దాదాపు సగం దూరంలో విరెన్ పడిపోయాడు. అతని మీద పడిన గమ్మూదీ కాసేపటికి ఆ పోటీని మధ్యలోనే వదిలేశాడు. విరెన్ లేచి, అందుకుని, గెలిచాడు. 27 నిమిషాల 38.4 సెకన్లు, కొత్త ప్రపంచ రికార్డు. క్లార్క్ ఓస్లోలో దాదాపు ఒంటరిగా పరిగెత్తిన కాలం కంటే సరిగ్గా ఒక్క సెకను తక్కువ. పదకొండు రోజుల తర్వాత హెల్సింకీలో 5 వేల మీటర్ల రికార్డునూ విరెన్ అందుకున్నాడు, 13 నిమిషాల 16.4 సెకన్లు. అది 1966 నుంచి క్లార్క్ పేరున 13 నిమిషాల 16.6గా ఉంది. ఒలింపిక్ వీరుల్లో మేటి తన జీవితంలోని గొప్ప నెలలో అందుకున్నది, ఒక్క స్వర్ణమూ లేని మనిషి ఆరేడేళ్ల కింద గీసిన గీతలను.

మ్యూనిక్ పది వేల మీటర్లలో మొదటి సగం ముందుండి వేగం నడిపించినవాడు ఇంగ్లండ్‌కు చెందిన డేవిడ్ బెడ్‌ఫోర్డ్. చివరికి అతనికి దక్కింది ఆరో స్థానం. మరుసటి జూలైలో లండన్‌లో అతను విరెన్ రికార్డును 27 నిమిషాల 30.8 సెకన్లకు దించాడు.